చత్వారం వచ్చాక ఎయిర్ పిస్టల్ గురి నిలబెట్టుకోవడం ఎలా?

నాకు యాభై రెండో ఏడు నడుస్తుండగా ఒకరోజు రేంజ్‌లో పిస్టల్ ఎత్తితే ఫ్రంట్ సైట్, అంటే గొట్టం చివర నిలబడి ఉండే గురి ముక్క, అంచులు నూనె చేత్తో ముట్టిన గాజులోంచి చూసినట్టు అలుక్కుపోయి కనిపించాయి. కళ్లద్దాలు తుడిచాను. ముఖం కడుక్కొచ్చాను. మళ్లీ ఎత్తితే మళ్లీ అదే. అప్పటికి ఆరు నెలలుగా నా స్కోరు దిగజారుతూ వస్తోంది. చేయి వణుకుతోందేమోనని డంబెల్స్ మొదలుపెట్టాను, కాఫీ మానేశాను, ట్రిగ్గర్ బరువు మార్పించాను. ఇన్ని చేసినా కంటి డాక్టర్ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. తీరా చూస్తే చేతిలో ఏ తప్పూ లేదు.

నలభై దాటి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఆడుతున్నవాళ్ల కోసం, లేదా ఈ వయసులో కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చత్వారం వచ్చిందని పిస్టల్ పెట్టెలో పెట్టేయకండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ జంట కాంస్యం గెలిచిన మిక్స్‌డ్ ఎయిర్ పిస్టల్ పోటీలోనే, టర్కీ తరఫున రజతం గెలిచిన యూసుఫ్ డికెచ్‌కు అప్పటికి 51 ఏళ్లు. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్‌డీ ఊరి చంద్రో తోమర్ పిస్టల్ పట్టిందే అరవై దాటాక.

ముందు కంట్లో ఏం జరుగుతోందో తెలియాలి

మన కంట్లోని లెన్స్ చిన్న వయసులో మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే ఉబ్బుతుంది, దూరం చూడాలంటే పలచబడుతుంది. వయసు పెరిగేకొద్దీ గట్టిపడి ఆ సాగే గుణం పోతుంది. అదే చత్వారం. పేపరు దూరంగా జరిపి చదవడం మొదలైందంటే ఫ్రంట్ సైట్‌కు కూడా గండం దగ్గరపడిందన్నమాట. కాకపోతే పేపరు 40 సెంటీమీటర్లలో ఉంటుంది, చేయి చాపితే ఫ్రంట్ సైట్ 85 నుంచి 100 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అందుకే అక్షరాలు మసకబారిన కొన్నేళ్లకు గానీ ఫ్రంట్ సైట్ మసకబారదు. ఈలోగా మనం తప్పంతా చేతి మీదికి నెట్టేస్తాం.

గురి చూసేటప్పుడు కంటి ముందు మూడు వస్తువులుంటాయి: పిస్టల్ వెనక భాగంలో ఉండే రియర్ సైట్ గాడి, ఫ్రంట్ సైట్, పది మీటర్ల అవతల నల్ల వృత్తం. ఏ వయసు కన్నూ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడలేదు. పాతికేళ్ల కుర్రాడి కన్ను ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి చప్పున మారిపోతుంది కాబట్టి అతనికి మూడూ కనిపిస్తున్నట్టే ఉంటుంది. మనకు ఆ వెసులుబాటు లేదు. ఒక్కదాన్నే ఎంచుకోవాలి. అది ఫ్రంట్ సైటే ఎందుకు కావాలో లెక్క వేసి చూడండి.

టార్గెట్ మీద పదో వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, ఒక్కో వలయానికీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. పిస్టల్ వంకర పోకుండా చేయి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకోండి, పెల్లెట్ (ఎయిర్ పిస్టల్ గుండు) కూడా 5 మిల్లీమీటర్లే జరుగుతుంది, ఇంకా పదిలోనే పడుతుంది. అదే రియర్ సైట్ గాడిలో ఫ్రంట్ సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు ఒరిగితే? రెండు సైట్ల మధ్య దూరం 33 సెంటీమీటర్లు అనుకుంటే ఆ ఒక్క మిల్లీమీటరు తప్పు టార్గెట్ దగ్గరికి వెళ్లేసరికి 30 మిల్లీమీటర్లు అవుతుంది. పది రావాల్సింది ఏడు వస్తుంది. నల్ల వృత్తం కాస్త మసగ్గా ఉన్నా నష్టం లేదు. ఫ్రంట్ సైట్ అంచు మసకబారితే అన్నీ పోతాయి. కింద చెప్పే పనులన్నీ ఆ అంచు కోసమే.

మొదటి పని: కంటి డాక్టర్

ఆప్టికల్ షాపులో కంప్యూటర్ పరీక్షతో సరిపెట్టుకోకండి. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి లోపలంతా చూసే పూర్తి పరీక్ష చేయించుకోండి. శుక్లం మొదలైందా, కంట్లో ప్రెషర్ ఎంతుంది, రెటీనా ఎలా ఉంది అన్నది ముందు తేలాలి. శుక్లం ఉంటే ఎంత మంచి లెన్స్ పెట్టినా తెర తెరలాగే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోండి. షుగర్ ఎక్కి దిగుతుంటే కంటి పవర్ కూడా మారుతుంటుంది. అదుపు తప్పి ఉన్న వారంలో పరీక్ష చేయించుకుని అద్దాలు కొంటే, అదుపులోకి వచ్చాక అవి పనికిరావు. కొన్ని వారాలు షుగర్ నిలకడగా ఉన్నాకే పవర్ చూపించుకోండి. ఉన్నట్టుండి మెరుపులు కనిపించినా, నల్ల చుక్కలు గుంపుగా తేలినా, చూపులో ఒక పక్క తెర దించినట్టున్నా ప్రాక్టీస్ సంగతి మరిచిపోయి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

రెండో పని: టేపుతో కొలత

ఖాళీ పిస్టల్‌తో, పెల్లెట్ లేదని రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన వైపు తిరిగి మీ మామూలు భంగిమలో నిలబడండి. ఇంట్లో ఎవరినైనా పక్క నుంచి కంటి మూల దగ్గర మొదలుపెట్టి ఫ్రంట్ సైట్ దాకా దర్జీ టేపుతో కొలవమనండి. నాకు 88 సెంటీమీటర్లు వచ్చింది. నా కంటే పొడుగైన స్నేహితుడికి 97. ఈ అంకె కాగితం మీద రాసిపెట్టుకోండి.

షాపుకు పిస్టల్ తీసుకెళ్లకండి. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ పిస్టలే అయినా, నలుగురూ తిరిగే చోట బయటికి తీస్తే చూసేవాళ్లకు అది అచ్చం తుపాకీయే. దాని బదులు ఒక చెక్క స్కేలు తీసుకోండి. నల్ల అట్టముక్కను ఫ్రంట్ సైట్ వెడల్పుకు, అంటే 4.5 మిల్లీమీటర్లకు కత్తిరించి స్కేలు చివర నిలబెట్టి అంటించండి. 33 సెంటీమీటర్లు వెనక్కి వచ్చి గాడి కోసిన ఇంకో అట్టముక్క అంటించండి. చేయి చాపి పట్టుకున్నప్పుడు కంటికీ చివరి అట్టముక్కకూ మధ్య మీరు కొలిచిన దూరమే ఉండాలి. నేనిది బల్ల మీద కూర్చుని పావుగంటలో చేశాను. షాపులో కంటి పవర్ పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్ అమ్మాయి దాన్ని తిప్పి తిప్పి చూసి, "సార్, ఇలా తెచ్చినవాళ్లు మీరే" అని, ఆ తర్వాత గంటసేపు ఓపిగ్గా లెన్సులు మార్చింది. మాటలతో ఎంత చెప్పినా ఆమెకు అర్థం కానిది ఆ స్కేలు చూడగానే అర్థమైంది.

మూడో పని: సరైన పవర్ తేల్చడం

అసలు కీలకం ఇక్కడే ఉంది. తొందరపడకండి.

ముందు గురి చూసే కంటికి దూరపు పవర్ కచ్చితంగా తేలాలి, సిలిండర్‌తో (కంటి వంపులోని తేడాను సరిచేసే పవర్‌తో) సహా. సిలిండర్ పవర్ ఉండి కూడా దాన్ని వదిలేస్తే ఫ్రంట్ సైట్ అంచుకు నీడలా రెండో అంచు కనిపిస్తుంది. ఏది అసలుదో తెలియక చేయి తడబడుతుంది.

ఆ దూరపు పవర్ మీద ప్లస్ కలుపుతూ పోవాలి. కళ్లను పూర్తిగా 88 సెంటీమీటర్ల దగ్గర నిలపాలంటే సుమారు +1.14 కావాలి. కానీ అంత పెడితే నల్ల వృత్తం బూడిదరంగు ముద్దలా అయిపోయి, తెల్ల కాగితంలోకి కరిగిపోతుంది. మనకు కావలసింది మధ్యేమార్గం. ఫ్రంట్ సైట్‌కు రెట్టింపు దూరంలో ఫోకస్ నిలిపితే ఇటు ఫ్రంట్ సైట్, అటు టార్గెట్ రెండూ కంటికి పనికొచ్చే స్పష్టతలో ఉంటాయి. లెక్క ప్రకారం అది +1.14లో సగం. అందుకే ఎక్కువమంది పిస్టల్ షూటర్లకు దూరపు పవర్ మీద +0.50 గానీ +0.75 గానీ సరిపోతుంది. అరవై దాటి, కంటికి సొంతంగా సర్దుకునే శక్తి దాదాపు పోయినవాళ్లకు +1.00 దాకా పడవచ్చు.

షాపులో ట్రయల్ ఫ్రేమ్ (లెన్సులు మార్చి మార్చి చూసే ఫ్రేమ్) పెట్టించుకుని నిలబడండి, కూర్చోకండి. పది మీటర్ల చోటు దొరికితే ఎదురు గోడకు టార్గెట్ కాగితం అంటించండి. హాల్లో చోటు లేకపోతే వరండాలో, మెట్ల దగ్గర వెతకండి. +0.25తో మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పెంచండి. స్కేలు ఎత్తి ప్రతి లెన్స్‌తోనూ రెండే ప్రశ్నలు వేసుకోండి. ఫ్రంట్ సైట్ పై అంచు బ్లేడుతో కోసినట్టు ఉందా? నల్ల వృత్తం మసగ్గా ఉన్నా గుండ్రంగానే ఉందా? రెండింటికీ అవునని వచ్చే లెన్సుల్లో తక్కువ పవర్ ఉన్నదాన్ని తీసుకోండి. ఎక్కువ ప్లస్ పెట్టుకుంటే ఫ్రంట్ సైట్ ఇంకా అందంగా కనిపిస్తుంది, ఆ ఆశకు పోకండి. అరవై షాట్ల మ్యాచ్‌లో, 75 నిమిషాల చివర్లో నల్ల వృత్తం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

కుదిరితే ఉదయం ఒకసారి, ఇంకో రోజు సాయంత్రం ఆఫీసు అయ్యాక ఒకసారి చూపించుకోండి. అలసిన కన్ను వేరే సమాధానం చెబుతుంది.

ప్రోగ్రెసివ్ అద్దాలతో గురి వద్దు

నేను చేసిన ఖరీదైన తప్పు ఇది. ఒక షాపులో మాట విని, అన్నింటికీ ఒకే జత సరిపోతుందని ప్రోగ్రెసివ్ చేయించుకున్నాను. వాటిలో ఒక్కో ఎత్తులో ఒక్కో పవర్ ఉంటుంది. పిస్టల్ ఎత్తినప్పుడు తల ఒక పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి చూపు లెన్స్ మధ్యలోంచి పోదు, ముక్కు వైపు మూలలోంచి పోతుంది. ఫ్రంట్ సైట్ కనబడే చోటు కోసం గడ్డం ఎత్తుతూ దించుతూ నాలుగు నెలలు గడిపాను. స్కోరు రాలేదు సరికదా, మెడనొప్పి పట్టుకుంది. బైఫోకల్ కూడా ఇంతే.

షూటింగ్‌కు ఒకే పవర్ ఉన్న లెన్స్ విడిగా చేయించుకోండి. మామూలు ఫ్రేమ్‌లో పెట్టించుకున్నా మొదట్లో చాలు. ఆటలో కొనసాగేవాళ్లు నోబ్లాక్, చాంపియన్ లాంటి షూటింగ్ ఫ్రేమ్ కొనుక్కుంటారు. అందులో చిన్న గుండ్రటి లెన్స్‌ను పైకీ కిందికీ, పక్కలకూ జరిపి చూపుకు సరిగ్గా ఎదురుగా నిలపవచ్చు. ధర ఎక్కువే, కాబట్టి ముందు పవర్ తేల్చుకున్నాకే కొనండి. అలాగే లెన్స్‌ను పిస్టల్‌కు బిగించడం అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ నిబంధనల ప్రకారం కుదరదు. అద్దాలు మీ ముఖాన ఉండాల్సిందే.

సన్నని రంధ్రం

పవర్ తేలినా ఇంకా కొంచెం మసక మిగిలితే ఐరిస్ సాయం చేస్తుంది. బొటనవేలూ చూపుడువేలూ మడిచి సూదిబెజ్జమంత సందు చేసి అందులోంచి దూరపు బోర్డు చదవండి, అక్షరాలు తేటపడతాయి. సన్నటి రంధ్రంలోంచి చూస్తే దగ్గరిదీ దూరానిదీ రెండూ కాస్త స్పష్టమవుతాయి. ఐరిస్ అంటే లెన్స్ ముందు బిగించే, తిప్పితే చిన్నదీ పెద్దదీ అయ్యే రంధ్రం.

అయితే వయసుతో మన కంటిపాప కూడా చిన్నదవుతుంది, లోపలికి వెళ్లే వెలుగు తగ్గుతుంది. దాని ముందు మరీ సన్న రంధ్రం పెడితే అంతా చీకటిగా అవుతుంది. ఐరిస్‌ను పూర్తిగా తెరిచి మొదలుపెట్టి, ఫ్రంట్ సైట్ అంచు తేటపడే చోట ఆపేయండి. ఆ చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టుకోండి. కొనేముందు ప్రయోగం చేయాలంటే నల్ల టేపు ముక్కకు 2 మిల్లీమీటర్ల రంధ్రం చేసి పాత అద్దాల మీద అంటించి చూడండి.

రెండో కన్ను మూయొద్దు

ఒక కన్ను బిగించి మూస్తే ముఖం కండరాలు లాగుతాయి, తెరిచిన కన్ను కూడా అలసిపోతుంది. దాని ముందు ఒక అడ్డు పెట్టండి. నల్లటిది కాకుండా వెలుగు లోపలికి వచ్చేలా తెల్లటి ప్లాస్టిక్ ముక్క మేలు. నిబంధనల ప్రకారం దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు. అద్దం మీద మసక టేపు అంటించినా ప్రాక్టీస్‌కు సరిపోతుంది.

పిస్టల్ మీద మార్చగలిగేవి

రియర్ సైట్ గాడిని వెడల్పు చేయండి. ఫ్రంట్ సైట్‌కు అటూ ఇటూ కనిపించే తెల్లటి సందులు మరీ సన్నగా ఉంటే పెద్ద వయసు కంటికి అవి నల్లగా కలిసిపోతాయి. ఒక్కో సందు ఫ్రంట్ సైట్ వెడల్పులో సగం దాకా ఉన్నా ఫరవాలేదు. రెండు సందులూ సమానంగా ఉన్నాయా లేదా అన్నది వెడల్పుగా ఉన్నప్పుడే మన కంటికి తెలుస్తుంది. ఫ్రంట్ సైట్ కూడా 4 మిల్లీమీటర్లది ఉంటే 4.5 గానీ 5 గానీ పెట్టి చూడండి.

గురి పెట్టే చోటు కూడా మార్చండి. నల్ల వృత్తం కింది అంచును ఫ్రంట్ సైట్‌తో తాకించే అలవాటు ఉంటే మానేయండి. మసక చూపులో రెండు నలుపులు అంటుకుపోతాయి, ఎక్కడ తాకిందో తెలియదు. వృత్తానికి కింద, తెల్ల కాగితం మధ్యలో ఆపి, ఆ ఎత్తుకు తగ్గట్టు రియర్ సైట్ మరను క్లిక్కు క్లిక్కుగా తిప్పి సరిచేసుకోండి. తెలుపు మీద నలుపు అంచు ఎంత తేటగా ఉంటుందో మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు.

సైట్లు మెరవకుండా చూసుకోండి. వాడగా వాడగా అంచుల నలుపు అరిగి లోహం తళుక్కుమంటుంది, ఆ తళుకు వైపే చూపు పోతుంది. సైట్లకు నలుపు పట్టించే స్ప్రే దొరకకపోతే మన పద్ధతి ఉండనే ఉంది: ఫ్రంట్ సైట్‌ను విప్పి, పటకారుతో పట్టుకుని, వెలిగించిన కర్పూరం పొగకు ఒక్క క్షణం చూపించండి. కాటుకలాంటి పలచటి మసి పట్టి మెరుపు పూర్తిగా చస్తుంది. పిస్టల్‌నూ దానికి గాలి నింపే ఎయిర్ సిలిండర్‌నూ ఆ గదిలోనే ఉంచకండి.

వెలుగు సంగతి రేంజ్ వాళ్లతో మాట్లాడండి. ఇండోర్ పోటీల్లో టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ (వెలుగు కొలత) ఉండాలి. చాలా చోట్ల టార్గెట్ వెలుగుతూ ఉంటుంది గానీ షూటర్ నిలబడే చోటు చీకటిగా ఉంటుంది. మీ వెనక, తలకు పైగా ఒక లైటు ఉంటే సైట్ల మీద వెలుగు పడుతుంది.

ఎనిమిది సెకన్ల క్రమశిక్షణ

పిస్టల్ గురి చోటికి దిగాక ఎనిమిది సెకన్లలో షాట్ పోకపోతే దించేయండి. ఒకేచోట తదేకంగా చూస్తే కన్ను ఆ బొమ్మనే పట్టుకుని కూర్చుంటుంది, ఫ్రంట్ సైట్ పక్కకు ఒరిగినా చూడదు. యాభై దాటిన కంట్లో తడి కూడా త్వరగా ఆరిపోతుంది. ఏసీ గాలి ముఖానికి తగిలే లేన్ అయితే మార్చమని అడగండి. పిస్టల్ ఎత్తే ముందు రెండుసార్లు నిదానంగా రెప్ప వేయండి. షాట్‌కూ షాట్‌కూ మధ్య ఫోన్ చూడకండి, స్కోరు స్క్రీన్‌ను కూడా ఊరికే చూడకండి. దూరంగా ఖాళీ గోడ వైపు చూసి కంటిని వదులు చేయండి.

ఇంట్లో ప్రాక్టీస్‌కు తెల్ల గోడ చాలు. టార్గెట్ లేకుండా, పెల్లెట్ లేకుండా, షూటింగ్ అద్దాలు పెట్టుకుని రోజూ ముప్పైసార్లు ఎత్తండి. ట్రిగ్గర్ పడే క్షణంలో ఫ్రంట్ సైట్ పై అంచు ఎక్కడుందో మీరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే మీరు గోడను చూశారన్నమాట. డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఏర్పాటు ఉన్న పిస్టల్‌తోనే ఇది చేయండి, స్ప్రింగ్ పిస్టల్‌ను ఖాళీగా పేలిస్తే లోపల దెబ్బతింటుంది.

శుక్లం ఆపరేషన్ చేయించుకోబోతున్నవాళ్లకు

ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పండి: నేను పిస్టల్ ఆడతాను, గురి చూసేది ఈ కంటితో, ఫ్రంట్ సైట్ ఇన్ని సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కంట్లో పెట్టే లెన్స్ ఏ దూరానికి అన్నది ముందే నిర్ణయిస్తారు కాబట్టి తర్వాత చెప్పి లాభం లేదు. మామూలుగా దూరపు చూపుకే పెడతారు, అదీ మంచిదే. పైన చెప్పిన +0.50, +0.75 లెక్కతో అద్దాలు చేయించుకుంటే సరిపోతుంది. దగ్గరికీ దూరానికీ కలిపి పనిచేసే మల్టీఫోకల్ లెన్స్ గురించి మాత్రం బాగా అడిగి తెలుసుకోండి. వాటితో కొందరికి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, అంచుల తేటదనం కూడా కొంత తగ్గుతుంది. డాక్టర్ సరేనన్నాకే పిస్టల్ ఎత్తండి. చూపు నిలకడపడ్డాకే కొత్త పవర్ రాయించుకోండి.

అమెరికాలో ఉండే మనవాళ్లు అక్కడి ప్రెసిషన్ పిస్టల్ పోటీల్లో రెడ్ డాట్, అంటే అద్దంలో ఎర్ర చుక్క చూపే సైట్, వాడుకోవచ్చు. చుక్కా టార్గెట్టూ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి కాబట్టి మామూలు దూరపు అద్దాలే చాలు. చుక్క నక్షత్రంలా చీలి కనిపిస్తే డాట్‌ను తిట్టుకునే ముందు సిలిండర్ పవర్ చూపించుకోండి. ఐఎస్ఎస్ఎఫ్ ఎయిర్ పిస్టల్‌లో మాత్రం దానికి చోటు లేదు.

ఇవన్నీ ఒకేరోజు మార్చకండి. వారానికి ఒక్క మార్పు చేసి, కనీసం రెండు వందల షాట్లు వేసి, గ్రూప్ (షాట్లు పడిన గుంపు) ఎంత దగ్గరపడిందో కాగితం మీద చూశాకే రెండోదానికి వెళ్లండి. నా పిస్టల్ పెట్టె మూతకు లోపలివైపు ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది: కంటి పవర్, కలిపిన ప్లస్, ఫ్రంట్ సైట్ వెడల్పు, గాడి వెడల్పు, ఐరిస్ చుక్క, పరీక్ష చేయించుకున్న తేదీ. ఏడాది తిరగ్గానే స్కేలు పట్టుకుని మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికే వెళ్తాను. పోయినసారి +0.50 నుంచి +0.75కి మారింది.